స్వారికి సంజాయిషీ యేల?

వికలాంగులైన బాలబాలికలను గుఱ్ఱమెక్కించి స్వారి నేర్పు పద్ధతి పాశ్చాత్యదేశములందు అర్ధశతాబ్దికి పైబడి వ్యాప్తిలో నున్నదని వినినంతనే, మనవారిలో పెక్కురు, చదివినవారును చదువనివారును, వైద్యులును అధికారులును, ఉపాధ్యాయులును తల్లిదండ్రులును, ఒక్క కంఠముతో అడుగు ప్రశ్న యొకటి కలదు: దానివలన జబ్బు కుదురునా? కుదురునన్నచో ప్రమాణము చూపుమందురు. కుదరదన్నచో, అట్లయిన అది వట్టి వినోదము, నడువలేని బిడ్డకు వినోదమేల, అందునను గుఱ్ఱమేల, పడినచో దిక్కెవ్వరు, ఆ ధనముతో చక్రాల కుర్చీ కొనరాదా యని వరుసగా ప్రశ్నలు సంధించి, ప్రత్యుత్తరమునకు వేచియుండకయే విచారణ ముగింతురు.

ఇది మొఱటు వాదము కాదు. దీని వెనుక దయయు కలదు, మితవ్యయబుద్ధియు కలదు. కావుననే దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. అంగాంగముగా విడదీసి చూచినచో ఈ పూర్వపక్షము నాలుగు ప్రతిజ్ఞలుగా తేలును. గుఱ్ఱపుస్వారి వలన వికలాంగ బాలలకు వైద్యప్రయోజనము లేదనునది మొదటిది. ఉన్నను అది అపాయముతో కూడినదనునది రెండవది. అపాయము లేకున్నను అది ధనికుల విలాసమనునది మూడవది. ఈ మూడింటికిని మూలమై యుండి, ఎవ్వరును నోరు విప్పి పలుకనిది నాలుగవది: వికలాంగుడైన బిడ్డ చేయు ప్రతి పనియు ఆ బిడ్డను బాగుచేయుటకే కావలెను, కానిచో అది వ్యర్థము. మొదటి మూడింటిని ఎన్నిమార్లు ఖండించినను, ఈ నాలుగవది నిలిచియున్నంత కాలము అవి మరల మరల తలయెత్తుచునే యుండును. కనుక నా అసలు వివాదము దానితోనే. అయినను తక్కినవానిని తప్పించుకొనిపోవుట న్యాయము కాదు గావున వానినే ముందుగా విచారింతము.

గుఱ్ఱమెక్కించుట యనగా బిడ్డను బొమ్మవలె కూర్చుండబెట్టి ఊరేగించుట యని తలచువారు గుఱ్ఱపు నడకను శ్రద్ధతో చూచినవారు కారు. ఇది వింతయే, ఏలయనగా అశ్వగతులను ఐదు ధారలుగా విభజించి వేర్వేఱు నామము లిడిన దేశము మనది, శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వెలసిన దేశము మనది, మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను పేర ఆ శాస్త్రమును పద్యములలోనికి తెచ్చిన భాష మనది. నడచుచున్న గుఱ్ఱపు వీపు ముందునకును వెనుకకును, క్రిందికిని మీదికిని, ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకును కదలును. ఆ కదలికతో పాటు రౌతు కటిభాగము అటునిటు స్వల్పముగా మెలిదిరుగును. మనుష్యుడు తన కాళ్లపై తాను నడచునపుడు అతని కటికి కలుగు చలనమును ఇంచుమించు ఇట్టిదియే. నిమిషమునకు 100 అడుగులకు అటునిటుగా వేయు గుఱ్ఱము అరగంట నడచినచో, జన్మమెత్తి యొక్క అడుగైనను స్వయముగా వేసి యెఱుగని బిడ్డ నడుమునకు దాదాపు 3,000 అడుగుల అనుభవము లభించును. ఆ కదలికలో తల నిలుపుకొనుటకును, వెన్ను నిటారుగా నుంచుకొనుటకును, ఒరిగినపుడు మరల సరిదిద్దుకొనుటకును బిడ్డ మేను క్షణక్షణము యత్నింపవలసియుండును. మస్తిష్క పక్షవాతము, అనగా సెరిబ్రల్ పాల్సీ కలిగి, తొడల లోపలి కండరములు బిగిసి కాళ్లు ఒకదానిపై నొకటి పెనవైచుకొనిపోవు పిల్లల విషయమున, కాళ్లు ఎడము చేసి వెడల్పైన వీపుపై కూర్చుండుటయు, మన మేనికంటె ఒకింత వెచ్చనైన గుఱ్ఱపు మేని వేడిమియు, తాళము తప్పని నడకయు కలిసి ఆ బిగువును సడలించునని ఈ పనిలో ఆరితేరిన ఫిజియోథెరపిస్టులు చెప్పుదురు.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. దీనిని గుర్తింపకపోవుటవలననే సగము వివాదము పుట్టుచున్నది. గుఱ్ఱపు నడకను సాధనముగా గొని, శిక్షితుడైన చికిత్సకుడు బిడ్డ కండరములకును నడుమునకును చేయు చికిత్స హిప్పోథెరపీ. అందు బిడ్డకు స్వారి నేర్పరు, గుఱ్ఱమును నడుపు పని బిడ్డది కాదు, అవసరమైనచో ఆ బిడ్డను ప్రక్కకో వెనుకకో తిప్పి కూర్చుండబెట్టుదురు. స్వారి గురువు బిడ్డకు స్వారియే నేర్పునది చికిత్సాత్మక స్వారి. అందు బిడ్డ తన చేతులతో పగ్గములు పట్టును, గుఱ్ఱమును నడిపించును, ఆపును, మలుపును. మొదటిది వైద్యము, రెండవది, పేరులో చికిత్స యను మాట చేరియున్నను, విద్య. వైద్యమును వైద్యముగా తూచవలెను. విద్యను విద్యగా తూచవలెను.

వైద్యమునకు ప్రమాణము చూపుమనువారికి ప్రమాణములు లేకపోలేదు. 2003లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక చిన్న పరిశోధనలో, మస్తిష్క పక్షవాతము గల 15 మంది బాలలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును 8 నిమిషములు నడచు గుఱ్ఱముపైనను, రెండవ జట్టును అంతే సేపు కదలని పీపాపైనను కూర్చుండబెట్టి, వారి కండరములు చేయు పనిని విద్యుత్సాధనములతో కొలిచిరి. కుడి యెడమల కండరముల నడుమ గల అసమానత గుఱ్ఱమెక్కినవారిలో తగ్గెను. పీపా నెక్కినవారిలో ఎన్నదగిన మార్పు కానరాలేదు. కాళ్లు ఎడము చేసి కూర్చుండుటయే గదా, అందులో విశేష మేమనువారికి ఆ పీపాయే చాలిన ప్రత్యుత్తరము. 2015లో కొరియా వైద్యులు ఇంతకంటె పెద్ద పరీక్ష చేసిరి: 4 మొదలు 10 ఏండ్ల వయస్సు గల 92 మంది పిల్లలను చీట్లు వేసినట్లు విభజించి, కొందఱకు వారమునకు రెండు మార్లు అరగంట చొప్పున 8 వారములు హిప్పోథెరపీ చేసి, తక్కినవారిచేత ఇంటివద్ద వ్యాయామము చేయించిరి. కూర్చుండుట, నిలుచుట, నడచుట మున్నగు స్థూలచలనములను కొలుచు మానమున గుఱ్ఱమెక్కిన జట్టు ముందునకు వచ్చెను. అదే సంవత్సరమున అమెరికాలో ఆటిజము గల 127 మంది బాలలపై 10 వారములు జరిగిన మఱియొక పరీక్షయందు ఒక జట్టు స్వారి నేర్చెను. రెండవ జట్టు గుఱ్ఱముల జోలికి పోకయే గుఱ్ఱములనుగూర్చి పాఠములు వినెను. చిరాకును అతిచాంచల్యమును మొదటి జట్టులో తగ్గెను. వారు పలుకు మాటల సంఖ్యయు హెచ్చెను. ఇవి అద్భుతములు కావు. పరిమితమైన, కొలతకు లొంగిన ప్రయోజనములు. బొత్తుగా ప్రయోజనమే లేదను మాటను కాదనుటకు ఇవి చాలును.

ఇంతమాత్రము చెప్పి ఊరకున్నచో అది వకీలు పని యగును గాని విచారకుని పని కాదు. 2009లో ఆస్ట్రేలియాలో మస్తిష్క పక్షవాతము గల 99 మంది పిల్లలపై మఱియొక పరీక్ష జరిగినది. అందు కొందఱు 10 వారముల పాటు చికిత్సాత్మక స్వారి చేసిరి, తక్కినవారు చేయలేదు. తుదకు లెక్కలు చూచునప్పటికి శరీరశక్తియందు గాని, ఆరోగ్యమందు గాని, జీవనసౌఖ్యమందు గాని ఆ రెండు జట్లకును వైద్యదృష్టితో ఎన్నదగిన భేదము కానరాలేదు. ప్రతిపక్షులకు ఇది బ్రహ్మాస్త్రము. దీనిని కప్పిపుచ్చు ఉద్దేశము నాకు లేదు. పైగా నా వాదమునకు దీనియంత ఉపకరించు సాక్ష్యము వేఱొకటి లేదు. కొరియాలో జరిగినది వైద్యము. వైద్యపు తక్కెడలో తూగినది. ఆస్ట్రేలియాలో జరిగినది స్వారి. దానిని కూడ అదే తక్కెడలో వేసి తూచిరి, తూగలేదనిరి. సంగీతము నేర్చుకొనబోయిన పిల్లలను పది వారముల పిమ్మట నిలువబెట్టి, వీరి యెత్తు పెరిగినదా యని కొలబద్ద పెట్టి చూచిన మాడ్కి నున్నది ఈ వ్యవహారము. ఎత్తు పెరుగలేదనుట సత్యమే. దానివలన సంగీతపు పాఠము వ్యర్థమని తేలినదా?

ఈ సందేహవాదులకు ఎదుటి కొనయందు ఇంకొక వర్గము కలదు. గుఱ్ఱమెక్కినచో నడువలేనివాడు నడచును, మాటరానివాడు మాటలాడును, గుఱ్ఱపు కన్నులలో ఏదియో దివ్యశక్తి కలదు, నెలకింత చెల్లింపుడు, ఫలితము మీరే చూతురని ప్రకటనలు వేయువారు వీరు. వైద్యులు పెదవి విఱిచిన పిమ్మట తాయెత్తులవానినుండి శస్త్రచికిత్సకునివఱకు అందఱి గడపలు త్రొక్కి అలసిన తల్లిదండ్రుల ఆశయే వీరి పెట్టుబడి. ఆశపడి వచ్చిన తల్లి ఏడాది తిరుగునప్పటికి బిడ్డ నడువకపోవుట చూచి, గుఱ్ఱమును మాన్పించి ఇంటికి తీసికొనిపోవును; ఆ యేడాదిలో ఆ బిడ్డ పగ్గములు పట్టుట నేర్చెననియు, గుఱ్ఱమును పేరుపెట్టి పిలిచెననియు, వారమంతయు ఆ దినముకొఱకు ఎదురుచూచెననియు ఎవ్వరును లెక్కలోనికి తీసికొనరు. ఈ వర్తకులును ఆ సందేహవాదులును పైకి విరోధులు, లోన ఏకోదరులు. జబ్బు కుదిర్చినచో గుఱ్ఱము మంచిది యని వీరందురు. కుదుర్చదు గనుక గుఱ్ఱము వలదని వారందురు. కుదుర్చుటయే గుఱ్ఱమునకు గల ఏకైక ప్రయోజనమనుటలో ఇరువురును ఏకాభిప్రాయులే. నేను ఖండించుచున్నది ఆ ఏకాభిప్రాయమును.

ఈ పద్ధతి యొక్క చరిత్రయే ఆ ఏకాభిప్రాయమునకు తొలి తిరస్కారము. డెన్మార్కు దేశస్థురాలైన లిస్ హార్టెల్ 1944లో, 23 ఏండ్ల వయస్సున, గర్భవతిగా నున్నపుడు పోలియో వాతబడెను. అప్పటికే ఆమె పేరుగాంచిన రౌతు. ఏండ్ల తరబడి పట్టువిడువక సాధనచేయగా చేతులును తొడలును కొంతవఱకు స్వాధీనములోనికి వచ్చినవి గాని, మోకాళ్లకు దిగువ భాగము జీవితాంతము చచ్చుబడియే యుండెను. ఎక్కుటకును దిగుటకును ఇతరుల సాయము కావలసిన ఆ స్త్రీ, 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, డ్రెస్సాజ్ అనబడు, గుఱ్ఱమును సంజ్ఞామాత్రముచే నడిపించు సూక్ష్మమైన పోటీయందు, జూబిలీ యను గుఱ్ఱముపై రజతపతకము గెలిచెను. స్త్రీలు ఆ పోటీలో పాల్గొనుటకు అనుమతి లభించిన మొట్టమొదటి ఒలింపిక్స్ అవియే. ఆమె పోటీపడినది నడవగల, పరుగెత్తగల పురుషులతో, అందును పెక్కురు సైనికాధికారులతో. 1956లో స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్ అశ్వక్రీడలలో మరల రజతము గెలిచెను. ఆమె విజయము చూచియే ఐరోపాయందు పలుచోట్ల వికలాంగులకు స్వారి నేర్పు కేంద్రములు వెలసినవని చరిత్రకారు లందురు. అయితే ఆమె కథను ఉదాహరించువారిలో పెక్కురు దానిని తలక్రిందులుగా చదువుచున్నారు. గుఱ్ఱము ఆమెను బాగుచేసెను, కనుక గుఱ్ఱము ఔషధమని వారు చెప్పుదురు. కాని గుఱ్ఱము ఆమె కాళ్లను బాగుచేయలేదు. బాగుపడని కాళ్లతోనే ఆమె రౌతుగా నిలిచెను. ఆమె జీవితము నిరూపించినది చికిత్సయొక్క మహిమను కాదు. చికిత్స ముగియు చోట జీవితము ముగియదను సత్యమును.

ఇదే సత్యమును మన కాలమున మఱింత స్పష్టముగా చాటినది బ్రిటన్ దేశపు సోఫీ క్రిస్టియాన్‌సెన్. నెలలు నిండక పుట్టి, మస్తిష్క పక్షవాతముతో పెరిగిన ఆ బాలిక ఆఱేండ్ల వయస్సున వ్యాయామచికిత్సగా గుఱ్ఱమెక్కెను. ఆమెను ఎక్కించినది 1969లో స్థాపితమై, 1971 మొదలు రాకుమారి యాన్ పోషకత్వమున పెరిగిన వికలాంగుల స్వారి సంఘము. చికిత్సకై వచ్చిన పిల్ల చికిత్సతో సరిపుచ్చుకొనలేదు, పోటీలలో దిగెను. 2008, 2012, 2016 సంవత్సరముల పారాలింపిక్స్‌లో కలిపి ఎనిమిది స్వర్ణపతకములు గెలిచెను. ఈ నడుమనే గణితశాస్త్రమున పట్టముకూడ పొందెను. ఆమె మస్తిష్క పక్షవాతము తొలగిపోయినదా? లేదు. ఆమె పోటీపడినదే తీవ్రమైన వైకల్యము గలవారి తరగతిలో. మన ఏకాభిప్రాయవాదుల తక్కెడలో వేసినచో ఆమె స్వారి జబ్బును కుదుర్పలేదు గావున విఫలమైనదని వ్రాసికొనవలసియుండును. ఇట్టి తక్కెడ తప్పుగాని ఆమె తప్పు కాదు గదా! పతకములు గెలుచువారు కోటికొక్కరుందురు, వారిని ముందిడి వాదింపవచ్చునా యని యెవరైన అడుగవచ్చును. నేను పతకములకొఱకు వాదించుటలేదు. బాగుపడకయే ఒక విద్యయందు ఎంతదూరము పోవచ్చునో ఆమె చూపెను; అందు పదియవవంతు దూరము పోయిన బిడ్డకును ఆ విద్య విద్యయే.

ఇక మూలప్రతిజ్ఞను నేరుగా ఎదుర్కొందము. కాళ్లు సరిగా నున్న పిల్లలు చిత్రలేఖనము నేర్చుకొందురు. వైకల్యము గల పిల్లలకు చిత్రలేఖన చికిత్స చేయుదుము. వారు పాడుదురు, వీరికి సంగీత చికిత్స. వారు ఈదుదురు, వీరికి జలచికిత్స. వారు కుక్కపిల్లతో ఆడుకొందురు. వీరికి జంతుసహాయ చికిత్స. ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు ఆ బిడ్డ దినములో ఆట యను పేరుతో మిగిలిన గడియ యొక్కటియు లేదు. ప్రతి గడియకు ఒక లక్ష్యము, ప్రతి లక్ష్యమునకు ఒక పట్టిక, ప్రతి పట్టికకు ఒక సంతకము. బంతి విసరుచున్న బిడ్డను చూచి తల్లి భుజపు కీలును లెక్కించును. నవ్వుచున్న బిడ్డను చూచి శిక్షకుడు పెదవుల కదలికను వ్రాసికొనును. దీనినంతను మనము ప్రేమతోనే చేయుచున్నాము. అందు సందేహము లేదు. కాని ఈ ప్రేమ ఆ బిడ్డకు ప్రతిదినము ఒకే పాఠము చెప్పుచున్నది: నీవు ఉన్నట్లుగా నుండుట చాలదు, నీవు సరిచేయవలసిన వస్తువవు, సరిపడువఱకు నీకు సెలవు లేదు. ఈ పాఠమువలన కలుగు హానిని ఏ పరిశోధకుడును పీపాతో పోల్చి కొలిచియుండడు. అయినను హాని హానియే. గుఱ్ఱముపై కూర్చున్న బిడ్డ ఆ కాసేపు మనకంటె ఎత్తున నుండి మనలను క్రిందికి చూచును. తనకంటె అనేక రెట్లు బరువుగల ప్రాణి తన చేతిసంజ్ఞకు ఆగుట, కదలుట అనుభవించును. ఇతరులు ఎత్తి దింపుటకు, త్రిప్పి పండుకొనబెట్టుటకు అలవాటుపడిన మేనికి ఇతరమును తాను నడిపించుట యను అనుభవము ఎంతటిదో, ఆ యనుభవము నిత్యమై యుండుటవలన దానిని మఱచిపోయిన మనకు తెలియదు. ఆ యనుభవము కండరములకు మేలు చేసినచో సంతోషము. చేయకున్నను దాని విలువ పూర్తిగానే యుండును.

ఇక అపాయము. గుఱ్ఱము వందల కిలోల బరువు గలది, బెదరు స్వభావము గలది. దానిపైనుండి పడినవానికి దెబ్బ తగులును. ఇది కాదనరాని సత్యము. దీనిని అందఱికంటె బాగుగా ఎఱిగినవారు ఈ పద్ధతిని నడుపువారే. కావుననే వారు ఎవ్వరిని ఎక్కింపవచ్చునో నిర్ణయించుటకంటె ముందు ఎవ్వరిని ఎక్కింపరాదో నిర్ణయించిరి. డౌన్ సిండ్రోము గల బిడ్డకు మెడలోని మొదటి రెండు వెన్నుపూసల నడుమ సడలుదల లేదని వైద్యుడు చెప్పనిదే గుఱ్ఱము దరికి రానీయరు. అదుపునకు రాని మూర్ఛలున్నను, తుంటి కీలు తొలగియున్నను, వెన్ను మిక్కిలి వంకరపోయియున్నను వలదందురు. ఎక్కుటకు ఏటవాలు వేదిక, తలకు శిరస్త్రాణము, పడినపుడు పాదము చిక్కుకొనక ఊడివచ్చు రికాబులు, గుఱ్ఱమును పట్టి నడిపించువా డొకడు, అవసరమున్నంతకాలము ఇరుప్రక్కల ఇద్దఱు తోడు. ఇంత జాగ్రత్త చూచి కూడ అమ్మో అపాయమను మన పెద్దలు, పెండ్లి ఊరేగింపులలో ఐదేండ్ల తోడిపెండ్లికొడుకును, తలకు జరీ పాగా తప్ప వేఱు రక్షణ లేకుండ, బాండుమేళపు మ్రోతలోను బాణసంచా వెలుగులలోను గుఱ్ఱమెక్కించినపుడు ఎన్నడును నోరు మెదపరు. అచట కనబడని అపాయము ఇచటనే కనబడుటకు కారణము గుఱ్ఱము కాదు. దానిపై కూర్చున్న బిడ్డనుగూర్చి మన మనస్సులో నున్న చిత్రము. సైకిలు నేర్చుకొనుచు మోకాలు చెక్కుకొనుట తక్కిన పిల్లలకు బాల్యములో భాగము. ఈ పిల్లలకు మాత్రము అది మన అజాగ్రత్తకు సాక్ష్యము. ఏమాత్రమును పడకుండుటయే జీవితమైనచో మంచమును మించిన సురక్షితస్థానము లేదు. కదలని మేనికి కీళ్ల బిగువు, పుండ్లు, విసుగు అను అపాయములను ఆ మంచమే తెచ్చిపెట్టునని తల్లుల నడిగిన తెలియును.

మూడవది ధనము. గుఱ్ఱమును పోషించుట చౌక కాదు. మేత, లాడములు, పశువైద్యుడు, శాల, సాయీసు, ఇన్నియు కావలెను. అయినను విలాసమను మాట ఇచట పొసగదు. బ్రిటన్‌లో ఈ ఉద్యమము జీతములేని స్వచ్ఛందసేవకుల భుజములపై నడచుచున్నది. ఇందులకు కావలసినది మేలుజాతి పందెపు గుఱ్ఱము కాదు. నడివయస్సు గడచి, దుడుకుదనము తగ్గి, నడకలో తొట్రుపాటు లేని సాధువైన గుఱ్ఱము. అట్టివి మన నడుమ లేవా? హైదరాబాదులో మలక్‌పేట పందెపు మైదానమున్నది. పోలీసు అశ్వదళమున్నది. పశువైద్య విద్యార్థులకు స్వారి నేర్పు ఎన్.సి.సి. దళములున్నవి. పందెపు గుఱ్ఱములలో పెక్కింటి స్వభావము దీనికి పనికిరాదు. కాని జనసమ్మర్దమునకును ధ్వనులకును అలవాటుపడిన పోలీసు గుఱ్ఱములలో, వయస్సు చెల్లి విశ్రాంతి పొందుచున్నవానిలో తగినవి దొరకకపోవు. సికింద్రాబాదులో 1984 మొదలు బుద్ధిమాంద్యము గల పిల్లలకై పనిచేయుచున్న జాతీయసంస్థ యున్నది. ఫిజియోథెరపీ కళాశాలలు ఊరూర నున్నవి. గుఱ్ఱములు ఒకచోట మేయుచు, చికిత్సకులు వేఱొకచోట చదువుచు, పిల్లలు ఇంకొకచోట గోడవైపు చూచుచు కూర్చుండిన దేశములో లోపించినది ధనము మాత్రమే యనుట ఎంతవఱకు నిజము? అయితే విశాఖ తీరమున ఎండలో సందర్శకులను మోయు గుఱ్ఱమును తెచ్చి ఈ పనిలో పెట్టుదమనువారికి ఒక మాట: ఈ పనిచేయు గుఱ్ఱమునకు నీడయు, నీరును, మితమైన పనిగంటలును, విశ్రాంతియు హక్కులే. అలసిన గుఱ్ఱము కసిరెడి గుఱ్ఱము. దాని క్షేమము లేక బిడ్డ క్షేమము లేదు.

ఆ ధనముతో చక్రాల కుర్చీ కొనరాదా యను ప్రశ్న మిగిలినది. వినుటకు ఇది అన్నింటికంటె న్యాయముగా నుండును. కుర్చీ కావలెను, ఊతకఱ్ఱ కావలెను, బడిలో ఏటవాలు బాట కావలెను. వానిని ఇయ్యవలసిన బాధ్యత ప్రభుత్వములది. 2011 జనాభా లెక్కలు ఈ దేశమున 2.68 కోట్ల వికలాంగులను గుర్తించినవి. వారిలో ఎంతమంది పిల్లలకు సరిపడు కుర్చీ అందలేదో చెప్పి సిగ్గుపడవలసినవారు, గుఱ్ఱమును సాకుగా చూపి తప్పుకొనరాదు. స్వారి మాన్పించి మిగిల్చిన ధనముతో కుర్చీలు పంచిన దాత నొక్కనిని నేను వినియుండలేదు. పేదబిడ్డ పేరు చెప్పి ఆటను కాదనువారు, ఆ పేదబిడ్డకు ఆకలియే కాని ఆశ యుండదని నిశ్చయించుకొన్నవారు. కుర్చీ బిడ్డను బడికి చేర్చుటకు. బడి చేరిన పిమ్మట ఆ బిడ్డ ఆడుకొనుటకు ఏమి మిగిల్చితిమను ప్రశ్నకు కుర్చీ సమాధానము కాదు.

చట్టము ఈ విషయమున మన పెద్దలకంటె ఉదారముగా నున్నది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 2007లో మన దేశము ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణము, ఆటపాటలలోను క్రీడలలోను వినోదములలోను వికలాంగ బాలలకు తక్కిన బాలలతో సమానమైన ప్రవేశము కల్పింపవలెనని విధించినది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టమును క్రీడలలో వికలాంగులు పాల్గొనుటకు తగిన ఏర్పాట్లు చేయుట ప్రభుత్వముల విధియని చెప్పినది. ఆ ఆట వలన జబ్బు తగ్గినచో అను షరతు ఈ రెండింటిలో నెచ్చటను లేదు. ఆ షరతును చేర్చినది మనము.

కనుక ఎవరైన ఒక కేంద్రమును తెఱవదలచినచో రెండు గదులు వేఱుగా పెట్టి, రెండు ఫలకములు వేఱుగా వ్రేలాడదీయుట మేలు. ఒకచోట ఫిజియోథెరపిస్టు కొలతలు తీసికొని, ఈ బిడ్డకు ఈ చికిత్స పనిచేయుచున్నదో లేదో నిర్దాక్షిణ్యముగా తేల్చి, పనిచేయనిచో మానిపించుగాక; దానిని నేనును హర్షింతును. రెండవచోట స్వారి గురువుండును. అచట అడుగదగిన ప్రశ్నలు మూడే: బిడ్డ క్షేమముగా నున్నదా, గుఱ్ఱము క్షేమముగా నున్నదా, బిడ్డ మరల రాగోరుచున్నదా? తక్కిన పిల్లలను నాట్యమునకో ఈతకో పంపునపుడు మన మడుగునవి ఇవియే గాని, దీనివలన నీకు కుదిరిన జబ్బేమి యని ఏ పిల్లవానిని అడిగినవారము కాము. ఆట కొఱకు వాదించువాడు ప్రయోజనము నిరూపింపవలెనను నియమము లోకమున ఏ బాలునకును లేదు. ఈ బాలురకు మాత్రమే పెట్టితిమి. న్యాయము ప్రకారము నిరూపణభారము ఆడదలచినవానిది కాదు, ఆపదలచినవానిది. ఆపదలచినవారు తమ కారణము చూపవలెను, ఆ కారణము బిడ్డ క్షేమమునకో గుఱ్ఱపు క్షేమమునకో సంబంధించినదై యుండవలెను, అంతవఱకు వారు కళ్లెమును వదలి ప్రక్కకు తప్పుకొనవలెను.